మూడు దెబ్బలు

తెడ్డును నీళ్ళలో ముంచి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు కారెల్. లెంబె జలసంధిలో ముసలి జాలర్లు చేపల గుంపుల్ని పసిగట్టేది అలాగే. ఈ రోజు అతను వెతుకుతున్నది చేపల్ని కాదు.

"వినపడుతోందా బాబాయ్?" మెయ్‌స్కే అడిగింది.

అతను తెడ్డు ఆమె చేతికిచ్చాడు.

టింగ్. టింగ్. టింగ్.

ఇనుము మీద దెబ్బ. కాస్త విరామం. మళ్ళీ టింగ్, టింగ్, టింగ్.

మెయ్‌స్కే పడవలో లేచి నిలబడింది. "వాడే! ఫెన్లీయే! మూడు దెబ్బలు బాబాయ్! రమ్మని పిలుస్తున్నాడు!"

ఇక్కడి డైవింగ్ గైడ్లందరి పిలుపూ అదే. నీళ్ళలో అరవలేరు కనుక వీపు మీది సిలిండర్‌ని స్టీలు పుల్లతో మూడుసార్లు కొడతారు. కెమెరాలు పట్టుకున్న టూరిస్టులు చుట్టూ చేరతారు.

"అమ్మాయ్," కారెల్ మెల్లగా అన్నాడు. "వాడు దిగింది భోజనాల వేళ. ఎండ కొండ దాటిపోయింది. ఇంతసేపు సిలిండర్లో గాలెక్కడిది?"

"మునిగిన ఓడ కడుపులో గాలి చిక్కుకుని ఉంటుంది. అందులో ఇరుక్కుపోయుంటాడు. చచ్చినవాడు కొడతాడా?"

కారెల్ సిలిండర్ ఎత్తి ఆమె వీపుకి తగిలించాడు.

పొద్దున తమ్ముడు ఫెన్లీ ఎంత హుషారుగా ఉన్నాడు! చేప వేపుడు మీద దబు-దబు పచ్చడి కుమ్మరించుకుంటూ, "అక్కా, ఈ రోజు నోనా ఫోటో తీయాల్సిందే. గుడ్లు పెట్టింది. ఎర్రటి ముద్దని గుండెకి అదుముకుని కూర్చుంది. రేపో మాపో పిల్లలైపోతాయి" అన్నాడు.

నోనా అంటే అమ్మాయిగారు. ఓడ పక్కన ఇసుకలో కలుగు చేసుకున్న నెమలి రంగుల రొయ్యకి వాడు పెట్టుకున్న పేరు.

"మొన్ననే కదరా నీ అమ్మాయిగారు గుద్ది కెమెరా అద్దం పగలగొట్టింది!"

"మనసైన పిల్ల కొడితే నొప్పుండదక్కా."

"సిగ్గులేని వెధవా! నా టూరిస్టులు వెళ్ళాక ఇద్దరం కలిసి దిగుదాం. ఆ ఓడ రేకులన్నీ తుప్పు పట్టి ఊడిపోతున్నాయి. ఒంటరిగా వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతా."

"చిత్తం, అమ్మమ్మగారూ!"

వాడు ఆగలేదు.

మెయ్‌స్కే నీళ్ళలోకి దూకింది.

కిందకి పోయేకొద్దీ వెలుగు తగ్గింది. అడుగున నల్లటి ఇసుక. టార్చి వెలుగులో ఓడ మసక మసకగా కనిపించింది, పక్కకి ఒరిగి, నోరు తెరుచుకుని. ఇన్నేళ్ళ గైడు పనిలో ఆమె ఒక్కసారి కూడా దాని లోపలికి వెళ్ళలేదు. తలుచుకుంటేనే ఊపిరి ఆడేది కాదు.

టింగ్. టింగ్. టింగ్.

ఇక్కడ స్పష్టంగా వినిపిస్తోంది. కానీ ఎటునుంచి? నీళ్ళలో చప్పుడికి దిక్కుండదు. తలలోనే మోగుతున్నట్టుంటుంది.

తన స్టీలు పుల్ల తీసి సిలిండర్‌ని మూడుసార్లు కొట్టింది.

అవతలి చప్పుడు ఆగిపోయింది.

ఆమె చెవులు రిక్కించింది. ఒక్క క్షణం. రెండు క్షణాలు.

టింగ్. టింగ్.

విన్నాడు! విని జవాబిస్తున్నాడు! కానీ ఈసారి రెండే దెబ్బలు. తర్వాత ఒక్కటే. నీరసించిపోతున్నాడు.

ఇక ఆలోచించలేదు. ఓడ నోట్లోకి దూరింది. బురద పొగలా లేచింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. ఏదో వల కాలికి చుట్టుకుంది. గింజుకుంది. గాలి మీటరు ముల్లు వేగంగా పడిపోతోంది. భయపడినవాళ్ళు రెట్టింపు గాలి తాగేస్తారని టూరిస్టులకి రోజూ చెప్పేది తనే. ఇప్పుడు తన ఊపిరే తన మాట వినడం లేదు.

కత్తితో వల కోసుకుని పైకి లేచింది. పైన, ఓడ కప్పు కింద, వెండి రేకులా మెరుస్తూ గాలి. నిజంగానే ఉంది! అందులోకి తల పెట్టింది.

"ఫెన్లీ! ఒరే ఫెన్లీ!"

ఖాళీ. తన గొంతే తిరిగొచ్చింది.

టింగ్ టింగ్ టింగ్ టింగ్. ఈసారి గబగబా. కోపంగా ఉన్నట్టు. ఎక్కడున్నావే, ఇంకా రావేం అన్నట్టు.

ఇక్కడ లేడంటే, బయట! వాడు బయటే ఉన్నాడు!

తడుముకుంటూ వచ్చిన దారినే బయటపడింది. ఓడని చుట్టి అవతలి పక్కకి ఈదింది. అక్కడ ఇసుకలో పసుపు పచ్చటి వెలుగు. కెమెరా మీది చిన్న దీపం. దాని పక్కన, ఓడ నుంచి ఊడిపడ్డ పెద్ద ఇనుప రేకు. రేకు కింద నుంచి బయటికి వచ్చిన ఫెన్లీ కాళ్ళు.

టింగ్. టింగ్. టింగ్.

సరిగ్గా అక్కడి నుంచే. రేకు కింద నుంచే.

'వస్తున్నా నాన్నా, వస్తున్నా!' నోట్లో గొట్టం ఉన్నా అరిచింది. మాటలన్నీ బుడగలై పైకి పోయాయి. రేకు అంచు కింద రెండు చేతులూ పెట్టి, మోకాళ్ళు ఇసుకలో గుచ్చి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. రేకు కదిలింది. లేచింది. పక్కకి ఒరిగింది.

టింగ్. టింగ్. టింగ్.

ఇంకా కొడుతూనే ఉన్నాడు! టార్చి అటు తిప్పింది.

ఫెన్లీ రెండు చేతులూ ఎప్పుడో కొయ్యబారిపోయి ఉన్నాయి; తన కలుగు గుమ్మానికి అడ్డంగా పడిన అతని సిలిండర్‌ని, ఎర్రటి గుడ్ల ముద్దని గుండెకి అదుముకుని, ఆగకుండా గుద్దుతోంది నోనా.