బెంచీ ఎక్కిన అత్తగారు

"అత్తయ్యా, చేతులు కుడివైపుకి జరపకండి!" పెరటి చివర్నుంచి అరిచాడు గెరైంట్.

"నువ్వు పెట్టమన్నచోటే పెట్టాను బాబూ," అంది బెంచీ మీద నిలబడ్డ ఐర్వెన్. బంతి మళ్ళీ ఆమె ఎడమపక్కగా వెళ్ళి, స్వాన్సీ ఊరి వానకి ఎప్పటికీ ఆరని, తాడు మీది దుప్పట్లో పడింది.

రగ్బీలో గీత దాటిన బంతిని, తోటివాళ్ళు పైకెత్తిన ఆటగాడి చేతుల్లోకి తిరిగి విసరడమే గెరైంట్ పని. వంకరగా వెళ్తే అవతలి జట్టుకి లాభం. రేపటి మ్యాచ్‌లో కూడా అలాగే విసిరితే వచ్చే ఏడాది జట్టులో చోటు లేదని కోచ్ చెప్పేశాడు.

"లౌరీ, నువ్వు రా! మీ అమ్మ వల్ల కావట్లేదు."

లౌరి పిండిచేతులతోనే వచ్చి, తల్లి దిగాక బెంచీ ఎక్కింది. పెళ్ళయినప్పట్నుంచీ ఇంట్లో బంతి పట్టేది ఆమే. విసిరినవన్నీ ఆమె చేతుల్లోనే పడ్డాయి.

"చూశారా అత్తయ్యా?"

"చూశాను. బంతిని కాదు, అమ్మాయి కాళ్ళని. ఏమే, మధ్యలో ఎక్కినదానివి ఆ చివరికెందుకు వెళ్ళావు?"

లౌరి కిందికి చూసుకుంది. నిజమే, బెంచీ అంచున ఉంది. "నాకు తెలీనే లేదమ్మా. బంతి ఎటొస్తే అటు..."

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు గెరైంట్ మెల్లగా.

"ఇంతే అయ్యుంటుంది," అంది ఐర్వెన్. "రేపు అక్కడ పట్టేది నీ పెళ్ళాం కాదు నాయనా."

ముందు లౌరికి నవ్వొచ్చింది, తర్వాత అతనికీ. భార్యని చెయ్యి పట్టి కిందికి దింపాడు.

"ఎక్కండి అత్తయ్యా. నేను తిన్నగా వేసేదాకా కదలకండి."

"నేనెప్పుడు కదిలాను?" అంటూ ఐర్వెన్ చేతులు పైకి చాచింది.