మదురైలో దిగిన విమానం

"ఆ డబ్బాను చూసి చెప్పవే! మీ పెదనాయన విమానం యాడ ఉండాది?" మిద్దె మెట్లెక్కుతూనే అరిచాడు రామసుబ్రహ్మణ్యరాజా.

నివేదిత తలెత్తలేదు. "నిన్నంతా దాన్ని కాకిగూడు అన్నావు. పీకి రోడ్డుమీద ఇసిరేస్తానన్నావు. ఈ పొద్దు దానితో ఏం పని వచ్చింది నాయనా?"

"ఎదురు మాట్లాడితే చెంప పగులుతుంది."

"పగలగొట్టు. ఆపైన నువ్వే డబ్బాను అడుగు."

అతని ముక్కుపుటాలు అదిరాయి. కానీ ఏం చేస్తాడు, అవసరం అతనిది. మిద్దె మూలన ఇనుప పైపు కొసకు బిగించిన ఆ యాంటెన్నాలో ఏముందని? ఖాళీ కాఫీపొడి డబ్బా, లోపల వేలెడు రాగితీగ, పాత కేబుల్ టీవీ వైరు. పాత సామాన్ల కొట్టులో ఏరుకొచ్చి, స్కేలు పెట్టి కొలిచి కూతురే చేసుకుంది. ఆకాశంలో పోయే విమానాలు తాము ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పుకుంటూ పోతాయట. ఈ డబ్బా ఆ కబుర్లు పట్టి ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది. మదురైకి దగ్గరలోని ఈ రాజపాళయంలో చుట్టాలంతా వచ్చి వింతగా చూసిపోయారు.

ఇవాళ కొండకింద కులదేవత గుడిలో పొంగలి. పూజ ముగియగానే వంశంలో పెద్దవాడి తలకు పూజారి పట్టుబట్ట చుడతాడు. పరివట్టం అంటారు దాన్ని. ఏడాది పొడుగునా గుడికి సున్నం వేయించేది, దీపానికి నూనె పోసేది రామసుబ్రహ్మణ్యరాజా. పరివట్టం మాత్రం చెన్నై నుంచి ఒక్క పూటకు వచ్చిపోయే అన్న రఘురామరాజాకు. అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముడికి కడుపుమంట మాత్రం ఉంది, బోలెడంత.

ఈసారి పూజవేళ అయినా అన్న రాలేదు. పూజారి బాలుసామి తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. "పెద్దరాజా పొద్దున విమానానికి టికెట్ తీసినానని చెప్పినారు. ఊళ్ళో ఉండగా ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఈ కొండకింద మన ఫోన్లకు సిగ్నలే లేదు. మీరు ఇంటికిపోయి పాపను అడిగి రండి రాజా. మదురైలో దిగి ఉంటే కాచుకుంటాం. లేదంటే రాహుకాలం ముందరే మీకు కట్టేస్తాం."

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి రామసుబ్రహ్మణ్యరాజా కాళ్ళు నేలమీద లేవు.

నివేదిత చివరికి స్క్రీన్ ఇటు తిప్పింది. "ఇదో, చెన్నై విమానం. మదురైకి వచ్చేసింది. దిగుతా ఉండాది... దిగుతా ఉండాది... పోయింది."

"పోయిందా? కూలిందా ఏమి?"

ఆ గొంతులో ఉన్న ఆశ విని నివేదితకు ఒళ్ళు మండిపోయింది. "ఛీ! తోడబుట్టినాయన గురించి అడిగే మాటనా అది? దిగింది. అంత కిందికి పోతే మన డబ్బాకు అందదు. పోయి కాచుకోమని చెప్పు."

"నోరు మూసుకోని ఇంట్లో పడుండు. గుడి పక్కకు వచ్చినావంటే కాళ్ళు ఇరుగుతాయి."

"అబద్ధం చెప్పేదానికి పోతా ఉండావా?"

జవాబుగా అతను పైపుకు వేలాడే వైరును పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. డబ్బా ఊడి దబ్బున పడింది. నివేదిత ఏడుపు ఆపుకుంటూ దాన్ని ఏరుకునేలోగా కింద బండి స్టార్టయింది.

గుడి ముందు బండి ఇంకా ఆగనే లేదు, అతని నోరు లేచింది. "వెనక్కి పోయింది! మదురైలో గాలీవానా అంట. మా అన్నను మోసుకోని విమానం చెన్నైకే తిరిగిపోయింది. కళ్ళారా చూసి వస్తా ఉండా!"

జనం ఆకాశం వంక చూశారు. మేనత్త అమ్మణి అరుగు మీంచి లేచింది. "ఎండ ఇట్ల మాడుస్తా ఉంటే వాన యాడిదిరా? నీ నోటిమాట నేను నమ్మను. కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి."

"నీకేం పోయేకాలం అత్తా! నన్నే సత్యం అడుగుతావా?"

"నిన్నే. చెయ్యి."

బాలుసామి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. "రాజా, బాగా తలచి చెయ్యండి. దొంగసత్యం చేసినవాళ్ళకు ఈ గుడిలో పరివట్టమే కాదు, ఏ మర్యాదా లేదు. చచ్చేదాకా లేదు."

వంశమంతా చూస్తోంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువుపోతుంది, పరివట్టమూ పోతుంది. "మా అన్న మదురైకి రాలేదు, చెన్నైకే పోయినాడు, ఇది సత్యం!" అని అరచేత్తో మంటను అదిమేశాడు రామసుబ్రహ్మణ్యరాజా. చెయ్యి చురుక్కుమంది. పళ్ళు బిగబట్టి, తల వంచి నిలబడ్డాడు. బాలుసామి పట్టుబట్ట అందుకున్నాడు.

అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. సంచీ భుజాన వేసుకుని రఘురామరాజా దిగాడు.

"చెవిలో చీము పట్టింది. విమానం ఎక్కద్దని డాక్టర్ చెప్పినాడు, రైల్లో వచ్చినా. అది లేటు, ఫోన్లో చార్జూ లేదు," అంటూ వచ్చినాయన అందరి మొహాలూ చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

"నువ్వు విమానంలో చెన్నైకి తిరిగిపోయినావని నీ తమ్ముడు ఇప్పుడే సత్యం చేసినాడప్పా," అంది అమ్మణి.

రఘురామరాజా తమ్ముడి నల్లబడ్డ అరచేతిని చూశాడు.

"ఆ బట్ట మడిచి పెట్టెయ్ పూజారీ," అన్నాడు. "ఏడాదంతా గుడిని చూసుకొనేది వాడు, ఇంకమీద పరివట్టం వాడికే కట్టండని నలుగురి ముందర చెప్పిపోదామని వచ్చినా."