అత్తగారి పళ్ళసెట్టు పాస్‌వర్డ్

ఇంట్లో గ్రైండర్ నుంచి బాత్రూం తలుపు దాకా అన్నిటికీ పాస్‌వర్డ్‌లే. అన్నిట్లోనూ పనిచేసే పాస్‌వర్డ్ మేనేజర్‌ని వెతికి వెతికి తెచ్చింది పెద్దకోడలు అరుంధతి. దాంట్లో అత్తగారి పళ్ళసెట్టు కూడా కలిపేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పళ్ళు కాస్తా బిగుసుకుపోయాయి.

"తాళం తియ్యాలంటే ఆవిడ పెట్టుకున్న జవాబు చెప్పండి," అంది మేనేజర్. "ఇష్టమైన కోడలెవరు?"

"అరుంధతి," అంది అరుంధతి, కొంగు సర్దుకుని.

"తప్పు."

చిన్నకోడలు ముసిముసిగా నవ్వుతూ, "హిమజ," అంది.

"తప్పు. ఇంకొక్కసారే. తర్వాత నెల్లాళ్ళు తెరుచుకోవు."

ఉన్నదే ఇద్దరు కోడళ్ళు. అత్తగారు వేలెత్తి, వంటింట్లో అంట్లు తోముతున్న మరమనిషి సుగుణని చూపించింది.

"సుగుణా?" అంది అరుంధతి, నోరెళ్ళబెట్టి.

టక్కుమని పళ్ళు తెరుచుకున్నాయి.

"అది ఎదురు చెప్పదే," అంది అత్తగారు, పప్పన్నం కలుపుకుంటూ.