రెండు జతల తొడుగులు

నత్తను పట్టుకోవడానికి సిస్టర్ రెండు జతల చేతి తొడుగులు వేసుకుంది, ఒకదాని మీద ఒకటి. అయినా ఆ మెత్తదనం వేళ్ళకు తెలుస్తూనే ఉంది. మొక్క మొదట్లో కరుచుకున్న గోరంత నత్తను లాగితే, వెనకాల తీగలా జిగురు సాగింది. ముఖం పక్కకు తిప్పుకుని దాన్ని ఉప్పునీళ్ళ డబ్బాలో పడేసింది.

ఆస్పత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ పుళ్ళు కడిగింది, చీము తుడిచింది, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. నత్త కనబడితే మాత్రం ఆ గుండె నిబ్బరమంతా ఎటు పోతుందో ఆమెకే తెలియదు.

ఆదివారం పొద్దున వాగు గట్టున చేరే ఆ చిన్న గుంపులో అందరూ ఆమెను ఇప్పటికీ సిస్టర్ అనే పిలుస్తారు. ఎక్కడినుంచో వచ్చిపడి గట్టంతా కమ్మేసిన ముళ్ళపొదలు పీకేసి, ఒకప్పుడు అక్కడ తమంతట తామే మొలిచిన మొక్కలను మళ్ళీ నిలబెట్టడం వాళ్ళ పని. నారు పెంచేది సిస్టరే. పెరటి గోడ పక్క ఎరువు గుంటలోంచి భర్త మట్టి తవ్వి తెస్తే, అందులో కలిసిన తెల్లటి ఎరువు గుళికలు కూడా వృథా కాకుండా వట్టి చేతులతోనే కుండీలకు సర్దేది. మట్టిని అసహ్యించుకునే మనిషి కాదు. వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుని, చంటిపిల్లల్ని సాకినట్టు సాకి తెచ్చి గట్టున నాటేది.

నాటిన కొత్తలో కళకళలాడేవి. తర్వాత ఎక్కడినుంచి దిగేవో ఈ నత్తలు, ఆకులన్నీ జల్లెడ చేసి కాడలు మిగిల్చేవి. అవీ ఈ నేలవి కావు. ఇంతకుముందు ఈ వాగు దగ్గర వాటిని చూసినవాళ్ళే లేరు.

గుంపుకు పెద్దదిక్కయిన సైన్సు మాస్టారు తేల్చి చెప్పేశాడు. ఈ వానలకు నాటినవి కూడా నిలవకపోతే గట్టును వదిలేసి ఇంకో చోటు చూసుకుందామన్నాడు. ఆ పూట సిస్టర్‌కు ముద్ద దిగలేదు. ఉద్యోగం అయిపోయాక తన చేతులతో ఇంకా బతికించగలిగేది ఏదైనా ఉందంటే అది ఆ గట్టే.

ఆమె అనుమానమంతా గుంపులోనే ఉన్న డ్రైవరు మీద. బస్సులు తోలి రిటైరైన ఆయన ఇల్లు గట్టును ఆనుకునే ఉంది. ఇంటి పక్క కూరగాయల మడిలో ఒక్క ఆకుకైనా చిల్లు లేదు. గుంపు తప్పుకుంటే ఆ మడి వాగుదాకా జరుగుతుందని ఆమె లెక్క. దానికితోడు ఆ మనిషిని చూస్తేనే ఆమెకు వెగటు. నత్తల్ని వట్టి చేతులతో ఏరతాడు. జిగురు చేతిని చొక్కాకు రాసుకుంటాడు. అదే చేత్తో జేబులోంచి బిస్కెట్టు తీసి నోట్లో వేసుకుంటాడు. ఒకసారి ఆమెకూ ఒకటి ఇవ్వబోతే, ఇంటికెళ్ళేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వారం మధ్యలో ఒకరోజు, మొక్కలు ఎలా ఉన్నాయో చూసుకుందామని తెల్లవారుతూనే వెళ్ళింది. ఆమె నాటిన వరుసలోనే డ్రైవరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్టు. అందులో శనగగింజంత నత్తపిల్లలు కుప్పగా, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం చేస్తున్నారు?"

"ఏరుతున్నానమ్మా."

"ఆదివారం కాని రోజు? ఎవరూ లేనప్పుడు?"

"ఆదివారం దాకా ఆగితే మొక్కలుండవు. ఎలాగూ నిద్ర పట్టదు, వచ్చేస్తున్నా." ఆయన చేయి చొక్కాకు తుడుచుకున్నాడు. "మీ మొక్కల మొదళ్ళలోనే ఉంటున్నాయి. అన్నీ పిల్లలే, తల్లి ఒక్కటీ దొరకట్లేదు. అదే అంతు పట్టట్లేదు నాకు."

"నా మొక్కల దగ్గరే ఎందుకుంటున్నాయో మీకే తెలియాలి."

డ్రైవరు తల వంచుకుని మళ్ళీ ఏరడంలో పడ్డాడు. ఆ తల వంచుకోవడమే ఆమెకు రుజువైంది.

ఆదివారం అందరి ముందూ చెప్పేసింది. బకెట్టు నిండా తెచ్చి వదులుతుంటే కళ్ళారా చూశానంది. మాస్టారు నసిగాడు, నీళ్ళు నమిలాడు, చివరికి ఇక మీరు రావొద్దని డ్రైవరుకు చెప్పక తప్పలేదు.

"బకెట్టు ఉంచుకోండి, పనికొస్తుంది" అని మాత్రం అని డ్రైవరు వెళ్ళిపోయాడు.

ఆ బకెట్టును సిస్టర్ కర్రతో చెత్తకుప్పలోకి నెట్టింది. మనిషన్నవాడికి ఇంత నీచబుద్ధి ఎలా వస్తుందా అని దారి పొడుగునా అసహ్యించుకుంటూనే ఇల్లు చేరింది. సబ్బుతో మోచేతులదాకా రెండుసార్లు కడుక్కుంది.

సాయంత్రానికి మనసు తేలికపడింది. మళ్ళీ నారు పెంచాలి. ఇక పాడుచేసేవాడు లేడు, ఈసారి గట్టు నిలబడుతుంది. కిటికీ దగ్గర కూర్చుని, భర్త తెచ్చిన కొత్త మట్టిని పిడికిళ్ళతో తీసి కుండీల్లో నింపసాగింది. తెల్ల గుళికలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. కొన్నింటిని అరచేతిలోకి తీసుకుని ముచ్చటగా చూసుకుంది.

"ఏమండీ, ఈసారి ఎరువు గుళికలు కాస్త ఎక్కువే వేసినట్టున్నారు."

భర్త పేపర్లోంచి తలెత్తాడు.

"నేనెక్కడ వేశాను? నువ్వే కలుపుతున్నావనుకున్నా."

ఆమె వట్టి అరచేతిలో ఒక గుళిక చిట్లి, పాకింది.