బఠాణీ మేత

"మళ్ళీ నీ వలే ముందుంది, హాల్డిస్! ఒక్కో చేపా వారంలో తొంభై గ్రాములు పెరిగింది!" మేనేజరు తూరున్ తూకం చదివి, కాఫీ కప్పు పైకెత్తింది.

ఐలర్ట్ తింటున్న రొట్టెముక్కను పళ్ళెంలో పడేశాడు. కొండల నడుమ సముద్రపు పాయ అయిన ఈ ఫియోర్డ్‌లో, ఇరవై రెండేళ్ళుగా వలల్లో పెంచే సాల్మన్ చేపలకు మేత వేస్తున్నవాడు, నిన్నగాక మొన్నొచ్చిన హాల్డిస్ ముందు తీసికట్టయిపోయాడు.

రెండు మేతల్లో ఏది మేలో చూడడానికి జనవరిలో చీటీలు తీశారు. ఐలర్ట్ వలకు ఎప్పటి చేపపిండి మేత వచ్చింది. హాల్డిస్ వలకు బఠాణీపిండితో చేసిన కొత్త మేత వచ్చింది. ఆమె మొహం చిన్నబోయింది. ఏ మేత గెలిస్తే బయటి దీవి దగ్గర పెట్టే కొత్త కేంద్రంలో అదే వాడతారు. ఆ మేత వేసినవాళ్ళే ఆ కేంద్రానికి పెద్ద.

"సాల్మన్‌కు శాకాహారమా? బంగాళాదుంపలు కూడా ఉడకబెట్టి పెట్టు, పాపం!" అని ఆరోజు ఐలర్ట్ పగలబడి నవ్వాడు.

ఇప్పుడు హాల్డిస్ పలకరించినా అతనికి ఒళ్ళు మండుతోంది. ఆమె వలలో చేప ఎగిరితే తనను వెక్కిరించినట్టే ఉంటోంది.

"నిజం చెప్పు. ఏం చేస్తున్నావు వాటికి?"

"ఏం చేస్తాను? వేళకి మేత వేస్తున్నా," అందామె, అతని వైపు చూడకుండా.

"అంత గొప్పదా నీ బఠాణీ?"

"ఏడుపెందుకు ఐలర్ట్? చీటీలో నీకొచ్చింది నీది, నాకొచ్చింది నాది."

ఈస్టర్ సెలవులకు అందరూ కొండల మీది గుడిసెలకు పోయారు. ఐలర్ట్ ఒక్కడే పనిలో మిగిలాడు. వలలకు మేత పోసే గొట్టాలన్నీ ఒకేలాంటి నల్లవి, మేత గుళికలన్నీ ఒకే రంగువి. తన వలకీ హాల్డిస్ వలకీ పోయే గొట్టాల కొసలు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించడానికి అతనికి పది నిమిషాలు పట్టింది.

మే నెలాఖరుకి కథ తిరగబడింది. ఐలర్ట్ చేపలు బలిశాయి, హాల్డిస్ చేపలు వెనకబడ్డాయి.

"చేపపిండే గెలిచింది. ఐలర్ట్, కొత్త కేంద్రం నీదే!" అంది తూరున్.

హాల్డిస్ కళ్ళు తుడుచుకుంది. ఐలర్ట్ ఆ క్షణం కోసమే ఐదు నెలలు కాచుకున్నాడు. తీరా వచ్చాక సంతోషం రాలేదు, సిగ్గు వచ్చింది.

"గెలిచింది నేను కాదు, తూరున్. హాల్డిస్‌ని చూసి ఓర్వలేక ఈస్టర్‌కి గొట్టాలు మార్చేశాను. అప్పట్నుంచీ నా చేపలు తిన్నది బఠాణీయే."

తూరున్ తూకాల చిట్టా వెనక్కి తిరగేసింది.

"చేసింది తప్పే. కానీ బఠాణీ ఏ వలకి పోతే ఆ వలే పెరిగిందన్నమాట! ఇంతకన్నా రుజువేం కావాలి? హాల్డిస్, కొత్త కేంద్రం నీది. ఐలర్ట్, రేపు ఆఫీసుకొచ్చి ఉద్యోగం సంగతి మాట్లాడు."

తూరున్ పడవెక్కి వెళ్ళిపోయింది. ఐలర్ట్ చెయ్యి చాచాడు.

"క్షమించు హాల్డిస్. అసూయతో కళ్ళు మూసుకుపోయాయి నాకు."

హాల్డిస్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ చెయ్యి అందుకోలేదు.

"గొట్టాలు నేను జనవరిలోనే మార్చేశాను, ఐలర్ట్. రెండుసార్లూ గెలిచింది చేపపిండే."