ఎడమ చెంపపట్టా

"మళ్ల సాగింది, సూడే మల్సూరన్నా!" అంటూ జానయ్య గుర్రం లగామును తెచ్చి పందిరి కింద దబ్బున పడేశాడు.

సూర్యాపేట జట్కాల అడ్డా పక్కనే మల్సూర్ తోలు పని. గుర్రాల తలపట్టాలు, లగాములు, పగ్గాలు కుట్టడానికి అతను పెట్టింది పేరు. కోదాడ, మిర్యాలగూడ జట్కావాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అలాంటివాడు కుట్టిన పట్టా సాగిందంటే పరువు పోయినట్టే. అదీ పది రోజుల్లో మూడోసారి!

"బెదురుతుందంటే కండ్ల గంతలు పెద్దగ కుట్టి ఇస్తి గదా. తగ్గలేదా?" అన్నాడు మల్సూర్.

"ఏడ తగ్గింది! గరిడేపల్లి దాటి ఈతచెట్ల వాగు కాడికి పోంగనే ఎడమకు తిరిగి నిలబడ్తది. కొట్టినా కదలదు. నిన్న సవారీలు దిగి నడిసి పోయిన్రు. గుర్రానికి గాలి సోకిందని అందరికీ చెప్తున్రు. ఇగ నా జట్కా ఎవడెక్కుతడే?"

ఈతచెట్ల వాగు పేరు వినగానే మల్సూర్ ముఖం వాడిపోయింది. దాచుకోవడానికి లగాము చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు పగ్గం ఎటు గుంజుతున్నవ్?"

"కుడికే! రోడ్డు మీదికి తెచ్చుకోవాలె గదా."

మల్సూర్ చెయ్యి ఆగిపోయింది. గుర్రం నోట్లో కడ్డీని పట్టి ఉంచేవి రెండు చెంపపట్టాలు. జానయ్య కుడికి గుంజితే కుడిపట్టా బెజ్జం సాగాలి. అదేమో తోలు కుట్టే ఆరెతో పొడిచిన నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఎడమదాని బెజ్జంలో మాత్రం వేలు దూరుతోంది. ముప్పై ఏళ్లుగా తోలు పని చేస్తున్నవాడికి ఇంకొకరు చెప్పాలా? ఎడమ పగ్గాన్ని ఎవరో గట్టిగా గుంజారు. జానయ్య కాకపోతే ఆ ఎడమపక్కన ఇంకెవరున్నారు?

ఎవరున్నారో అతనికి తెలుసు.

నిరుడు ఎండాకాలంలో ఆ ఈతచెట్ల నడుమ ఒక గుడిసెలో నిజాం మీద తిరగబడ్డ సంగపోళ్లు నలుగురు దాక్కున్నారు. రజాకార్లు చుట్టుముట్టి నిప్పంటించారు. ఆ నలుగురిలో మల్సూర్ తమ్ముడు ఐలన్న ఒకడు. బూడిదలో ఎవరు ఎవరో పోల్చుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. గుడిసె జాడ ఎవరు చెప్పారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చెప్పింది మల్సూరే. మిలిటరీ వచ్చి రజాకార్లు పోయినా సంగపోళ్లు ఇంకా అడవుల్లోనే ఉన్నారు. ఈ సంగతి వాళ్ల చెవిన పడితే ప్రాణం దక్కదు. అంతకన్నా పెద్ద భయం, ఐలన్న భార్య సోమమ్మకు తెలుస్తుందని. "శవాన్ని సూడంది బొట్టెట్ల తీస్త బావా?" అంటుంది ఆ పిచ్చితల్లి. రోజూ ఆమే గటక వండి తెస్తుంది.

జానయ్య గొంతు తగ్గించాడు. "ఇది తోలుతోని అయ్యే పని కాదన్నా. గాడ పోయింది నీ తమ్ముడే గదా. ఒక్కపారి వచ్చి మాట్లాడు. తోడబుట్టినోని మాట ఇంటడేమో. లేకుంటే గుర్రాన్ని అంగట్ల అమ్ముడే. పిల్లలకు గంజెట్ల పొయ్యాలె?"

"నేను రాను."

"ఎందుకే? సొంత తమ్ముడంటే గంత భయమా?"

అప్పుడే గటక ముంతతో వచ్చిన సోమమ్మ ఆ మాట విన్నది. "పో బావా. నా పెనిమిటి గాడ దిక్కులేక తిరుగుతుంటే నువ్వు గీడ కూసుంటవా?" అంది.

మర్నాడు మల్సూర్ ఎడమ చెంపపట్టాను రెండు పొరల తోలుతో కుట్టి తగిలించాడు. జట్కాలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ముందుకు చూసే ధైర్యం లేకపోయింది. మిట్టమధ్యాహ్నం వాగు దగ్గరికి వచ్చేసరికి బండి ఎడమకు ఒరిగి ఆగిపోయింది.

"సూసినవా! నేను కుడికే గుంజుతున్న!" అని అరిచాడు జానయ్య.

మల్సూర్ దిగాడు. ఎక్కడా గాలి లేదు. అయినా ఈతమట్టలు ఒక్కసారి గలగలమన్నాయి. అంతే, అతను ఇసుకలో కూలబడిపోయాడు.

"తమ్మీ... గుర్రాన్ని ఇడిసిపెట్టురా. దాని తప్పేముంది? తప్పు నాదిరా! రజాకార్లు కొట్టినన్ని దెబ్బలు ఓర్సుకున్న. ఆఖర్కి నా బొటనవేలు మొద్దు మీద పెట్టి, నేను తోలు కోసే కత్తే ఎత్తిన్రు. వేలు పోతే ఆరె ఎట్ల పట్టాల్నని పానం గుంజింది. గుడిసె జాడ చెప్పేసిన. నా వేలు దక్కింది, మీరు నలుగురు కాలిపోయిన్రు. కుట్టు కుట్టుకూ నువ్వే యాదికొస్తున్నవ్ రా! కోపముంటే నన్ను తీస్కపో, దాన్ని ఇడిసిపెట్టు!"

వెనకనుంచి గిట్టల చప్పుడైంది. తిరిగి చూస్తే గుర్రం తనంతట తానే రోడ్డు మీదికి మళ్లి, తల విదిలిస్తోంది. ఏడాదిగా గుండె మీదున్న బరువు దిగినట్టనిపించింది మల్సూర్‌కు.

"జానయ్యా! ఇడిసిపెట్టిండు! నా తమ్ముడు నన్ను మన్నించిండు!" అంటూ చేతులెత్తి మొక్కాడు.

జానయ్య అప్పుడే సడలించిన ఎడమ పగ్గాన్ని చేతినుంచి విప్పి, రెండు పగ్గాలూ బండికి చుట్టి, మెల్లగా కిందికి దిగాడు. మల్సూర్ ముఖంలోకి చూడలేదు.

ఈతపొదల దిక్కు తిరిగి, "ఇన్నవు గదా ఐలన్నా, ఇగ బయటికి రా" అన్నాడు.