మొలకల నిమజ్జనం

“పాలికలేవండీ?” అని పదహార్రోజుల పండగనాడు పంతులుగారు అడిగారు. పెళ్లికి మట్టిమూకుళ్లలో చల్లిన నవధాన్యాల మొలకల్ని ఆరోజే ఏట్లో కలపాలి.

పెళ్లికూతురి తండ్రి అప్పలరాజు తల గోక్కున్నాడు. “తాగేసేనండి.”

“తాగేశారా!”

“సుగరుకి గోధుమగడ్డి జ్యూసు మంచిదని నర్సీపట్నంలో మా వాకింగోళ్లు సెప్పేరండి. గడ్డి ఇంట్లోనే ఉంది గదాని మిక్సీలో ఏసేసేను.”

“అందులో మినుములూ, ఉలవలూ కూడా మొలిచాయి కదండీ!”

“అదేనేటండీ, పొద్దుట్నించీ కడుపులో మేళం ఆగట్లేదు!”

పంతులుగారు ఆలోచించారు. “మొలకలిప్పుడు తమ కడుపులో ఉన్నాయి. కాబట్టి తమరే మునగాలి.”

వియ్యాలవారందరి ముందూ అప్పలరాజు ఏట్లో మూడు మునకలేశాడు.

వణుకుతూ గట్టెక్కితే పంతులుగారు తువ్వాలందిస్తూ చెవిలో అన్నారు:

“నాకూ సుగరేనండి. ఒక్క మూకుడైనా మిగల్చలేకపోయారా?”